వరంగల్‌కు కొత్తగా వస్తున్నారా? ఇల్లు చూడటం నుంచి ఇరుగుపొరుగు దాకా

బదిలీ ఆర్డరో, కొత్త ఉద్యోగమో, పిల్లల చదువో మిమ్మల్ని వరంగల్‌కు రప్పిస్తోంది. సామాను కట్టే ముందు ఒక సంగతి తెలుసుకోండి. అందరూ వరంగల్ అనే ఈ ఊరు నిజానికి మూడు ఊళ్లు: వరంగల్, హన్మకొండ, కాజీపేట. మూడూ ఒకే గ్రేటర్ కార్పొరేషన్ కింద ఉన్నాయి. ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. అయినా దేని తీరు దానిదే. ఇది తెలియక, "ముందు ఇల్లు చూసుకుందాం, మిగతావి తర్వాత" అనుకుని అడ్వాన్స్ ఇచ్చేసి, నెల తిరగకముందే బాధపడేవాళ్లను చాలామందిని చూశాను. మీరు వరుస మార్చండి. మీ రోజు ఎక్కడెక్కడ గడుస్తుందో ముందు లెక్క వేసుకోండి, దాన్నిబట్టి ఏరియా, ఆ తర్వాతే ఇల్లు.

ముందు ఊరు అర్థం చేసుకోండి

కాజీపేట చౌరస్తాలో సిటీ బస్సు ఎక్కి, చివరిదాకా టికెట్ తీసుకుని కిటికీ పక్కన కూర్చోండి. ఫాతిమానగర్, నిట్, సుబేదారి, అదాలత్, హన్మకొండ చౌరస్తా, ములుగు రోడ్డు, ఎంజీఎం, వరంగల్ చౌరస్తా, చివరికి రైల్వేస్టేషన్. ఊరికి వెన్నెముక ఈ దారే. ఏ పని మీద తిరిగినా ఎక్కువగా దీని మీదే తిరుగుతారు.

కాజీపేట రైల్వేవాళ్ల ఊరు. కాస్త నిదానంగా, విశాలంగా ఉంటుంది. ఆఫీసులు, బ్యాంకులు, కోచింగ్ సెంటర్లు, ప్రైవేటు ఆస్పత్రులు ఎక్కువగా హన్మకొండలో ఉంటాయి. కాకతీయ యూనివర్సిటీ కూడా అటువైపే. హోల్‌సేల్ వ్యాపారం, పాత బజార్లు, ఎంజీఎం ఆస్పత్రి, కాకతీయ మెడికల్ కాలేజీ, ఎనుమాముల మార్కెట్, కోట ఇవన్నీ వరంగల్ వైపు. మీ ఆఫీసు సుబేదారిలో ఉంటే కిరాయి తక్కువని అటు వరంగల్ వైపున్న రంగశాయిపేటలో ఇల్లు తీసుకోకండి. కిరాయిలో మిగిలింది పెట్రోలుకు, ఓపికకు పోతుంది.

ఇంకో సంగతి, ఈ ఒక్క ఊరు రెండు జిల్లాల్లో ఉంది. 2021లో వరంగల్ అర్బన్ జిల్లాను హన్మకొండ జిల్లాగా, వరంగల్ రూరల్‌ను వరంగల్ జిల్లాగా మార్చారు. హన్మకొండ, కాజీపేట మండలాలు హన్మకొండ జిల్లాలోకి, వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు వరంగల్ జిల్లాలోకి వచ్చాయి. పాత కాగితాల్లో, కొన్ని వెబ్‌సైట్లలో ఇంకా "వరంగల్ అర్బన్" అనే కనిపిస్తుంది. ఇల్లు ఖాయం చేసుకునేటప్పుడే అది ఏ మండలం, ఏ జిల్లా అని ఓనర్‌ను అడిగి రాసుకోండి. సర్టిఫికెట్ల కోసం ఏ తహసీల్దార్ ఆఫీసుకు, ఏ కలెక్టరేట్‌కు వెళ్లాలో దానితోనే తేలుతుంది. పిన్‌కోడ్‌లు కూడా వేరు: హన్మకొండ 506001, వరంగల్ 506002, కాజీపేట 506003, నిట్ 506004. కాలనీని బట్టి ఇంకొన్ని ఉన్నాయి, కాబట్టి పక్కింటివాళ్లకు వచ్చే పార్శిల్ మీద ఏముందో చూడటం మేలు.

రైలు టికెట్ తీసేటప్పుడు కూడా స్టేషన్ పేరు చూసుకోండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగి అటు నుంచి అటే వెళ్తుంది, వరంగల్ స్టేషన్‌కు రాదు. సికింద్రాబాద్-విశాఖ వందేభారత్ వరంగల్‌లో ఆగుతుంది, కాజీపేటలో ఆగదు. గోల్కొండ, శాతవాహన లాంటివి రెండు చోట్లా ఆగుతాయి. బస్సులో అయితే హన్మకొండ బస్టాండ్ నుంచి ఉప్పల్‌కు పొద్దున్నుంచి రాత్రిదాకా దొరుకుతూనే ఉంటాయి, దాదాపు మూడు గంటల ప్రయాణం.

మొదటి కొన్ని రోజులు ఎక్కడైనా సర్దుకోండి

కుటుంబాన్ని, సామానును మొదటి రోజే తీసుకురాకండి. తెలిసినవాళ్లుంటే వాళ్లింట్లో, లేకపోతే హాస్టల్లోనో లాడ్జిలోనో కొన్నాళ్లు ఉండండి. చదువుకునేవాళ్లు, కోచింగ్‌కు వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి హన్మకొండలో హాస్టళ్లకు కొదవ లేదు. ఆ రోజుల్లో మీకు నచ్చిన ఏరియా నుంచి ఆఫీసుకు పొద్దున తొమ్మిదికి, తిరిగి సాయంత్రం ఆరుకు వెళ్లి చూడండి. మధ్యాహ్నం రెండింటికి ఖాళీగా కనిపించిన హన్మకొండ చౌరస్తా సాయంత్రానికి వేరేలా ఉంటుంది. షేర్ ఆటోలు ఎక్కడ ఆగుతాయో, ఎంత తీసుకుంటారో కూడా అప్పుడే తెలుస్తుంది. ఎక్కే ముందే "అన్నా, ఎంత?" అని అడగండి.

ఇల్లు: వాన గురించి అడగకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు

ఇక్కడ కాసేపు ఆగి చెప్తాను. ఎందుకంటే ఈ ఊళ్లో కొత్తవాళ్లు బాగా దెబ్బతినేది ఇక్కడే.

కాకతీయుల కాలం నుంచి ఈ ప్రాంతానివి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే మత్తడి (అలుగు) దూకి ఆ నీళ్లు కింది చెరువులోకి పోవాలి. ఆ నీళ్లు పోయే దారుల్లో, చెరువు శిఖాల్లో, అంటే నీళ్లు నిలిచే చెరువు భూముల్లో, కాలనీలు లేచాయి. నాలాలు ఇరుకైపోయాయి. వాన గట్టిగా పడితే నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటాయి, ఆ దారిలో ఇప్పుడు ఇళ్లున్నాయి. 2020 ఆగస్టులో, 2023 జులైలో, 2025 అక్టోబర్‌లో మొంథా తుపానుకు ఊరు మునిగింది. 2023లో భద్రకాళి చెరువు కట్టకు గండి కూడా పడింది. నయీంనగర్ నాలా చుట్టుపక్కల, హంటర్ రోడ్డు వైపు బొందివాగు పరిసరాలు, శివనగర్, సంతోషిమాత కాలనీ లాంటి చోట్ల జనం సామాను వదిలేసి పిల్లలతో బయటపడాల్సి వచ్చింది. ఆ పేర్లున్న ప్రతి గల్లీ మునుగుతుందని కాదు. ఒకే కాలనీలో ఎత్తు మీదున్న లైనుకు చుక్క నీరు రాదు, రెండు సందుల అవతల నడుము లోతు వస్తుంది. అందుకే ఏరియా పేరు చూసి కాకుండా, ఇల్లు చూసి తేల్చుకోవాలి.

ఎలా చూడాలంటే, ముందు గేటు దగ్గర వంగండి. ఇనుప గేటు కింది జానెడు మాత్రమే తుప్పు పట్టి, పైన బాగుంటే అనుమానించండి. లోపల గోడలకు పైన పాత రంగు, కింద మోకాలెత్తు దాకా కొత్త రంగు పట్టీలా ఉందా? తలుపు చెక్కలు కింద ఉబ్బి పొరలు లేచాయా? కరెంటు మీటరు, స్విచ్ బోర్డులు మామూలుకంటే ఎత్తులో బిగించారా? బీరువా, ఫ్రిజ్ ఇటుకల మీద ఎక్కించి ఉన్నాయా? వీటిలో ఏ రెండు కనిపించినా ఆ ఇంట్లోకి నీళ్లు వచ్చాయనే అనుకోండి.

తర్వాత గల్లీ మొదట్లో ఉండే కిరాణా కొట్టుకు వెళ్లండి, లేకపోతే ఇస్త్రీ బండి దగ్గరికి. ఓ సబ్బో బిస్కెట్ ప్యాకెట్టో కొని, "అక్కా, మొన్నటి పెద్దవానకు ఇక్కడ నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయ్?" అని అడగండి. ఓనర్ చెప్పకపోయినా వాళ్లు చెప్తారు. ఏ ఇంటి మెట్టు దాకా వచ్చిందో చేయి పెట్టి చూపిస్తారు. కుదిరితే ఇల్లు చూడటం జులై, ఆగస్టుల్లో పెట్టుకోండి, వాన పడ్డ మర్నాడు అయితే మరీ మంచిది. ఏ ఏజెంటూ దాచలేడు.

వాన సంగతి తేలాక నీళ్ల సంగతి. మున్సిపల్ నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుంది, ఏ టైముకు వస్తుంది, సంపు ఎంతది, ఎండాకాలంలో బోరు ఎండిపోతుందా అని అడగండి. ఏప్రిల్, మేలో ట్యాంకర్ తెప్పించుకోవాల్సి వస్తే డబ్బులు ఎవరివి అనేది కూడా ముందే మాట్లాడుకోండి. తర్వాత అడిగితే అది గొడవగానే వస్తుంది.

కరెంటు మీటరు మీ పోర్షన్‌కు విడిగా ఉందా, సబ్ మీటరా అన్నది చాలామంది అడగరు. ఉత్తర తెలంగాణ డిస్కం ఎన్‌పీడీసీఎల్ బిల్లు స్లాబుల లెక్కన పెరుగుతుంది. రెండు పోర్షన్లు ఒకే మీటరు మీద ఉంటే యూనిట్లు కలిసిపోయి పై స్లాబులోకి వెళ్తారు. విడి మీటరు ఉంటే పాత బిల్లు తీసుకుని సర్వీస్ నంబర్ కొట్టి బకాయిలు ఉన్నాయేమో చూడండి. తెల్లరేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తుంది. కిరాయికి ఉన్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది. కాకపోతే ఆ మీటరు నంబరుకు మీ కార్డు లింక్ అయి ఉండాలి.

ఇక ఎండ. మే నెలలో నలభై డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలు. పై అంతస్తు, పైన ఇంకేమీ లేని స్లాబు, పడమటి గోడకు బెడ్‌రూమ్ ఉంటే రాత్రి పదకొండైనా గోడ చేతికి వేడిగా తగులుతుంది. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే కింది పోర్షనో మధ్య అంతస్తో చూసుకోండి. కూలర్ పెట్టడానికి కిటికీ ఎక్కడుందో కూడా చూడండి. చెట్లు, గుట్టలు దగ్గరగా ఉన్న కాలనీల్లో కోతుల బెడద ఉంటుంది. బాల్కనీకి, వంటింటి కిటికీకి జాలీ లేకపోతే అడ్వాన్స్ ఇచ్చే ముందే పెట్టించమనండి.

ఇవన్నీ కుదిరాక అగ్రిమెంట్. బెంగళూరులో లాగా చాలా నెలల కిరాయిని అడ్వాన్స్‌గా కట్టమని ఇక్కడ అడగరు. అడ్వాన్స్ ఎంతైనా రసీదు తీసుకోండి, ఫోన్‌పేలో పంపితే "అడ్వాన్స్" అని రాసి పంపండి. అగ్రిమెంట్ 11 నెలలకు రాసుకోవడం అలవాటు. ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత కోస్తారో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో అందులో ఉండాలి. దిగిన రోజే గోడలు, నల్లాలు, ఫ్యాన్లు ఫోన్‌లో వీడియో తీసి ఓనర్‌కు వాట్సాప్ చేయండి. బ్రోకర్ ద్వారా వెళ్తే కమీషన్ ముందే తేల్చుకోండి. మీరే గల్లీల్లో తిరుగుతూ టులెట్ బోర్డులు చూసుకుంటే ఆ ఖర్చు కూడా ఉండదు.

ఒక మాట. మొదటి ఏడాదిలో ప్లాటు కొనమని ఎంతమంది చెప్పినా ఆగండి. కనీసం ఒక వానాకాలం ఇక్కడ గడిపితే ఏ భూమి మీద నీళ్లు నిలుస్తాయో మీకే కనిపిస్తుంది.

కాగితాలు: ఏది ముందు, ఏది తర్వాత

గ్యాస్‌తో మొదలుపెట్టండి. పాత ఊళ్లో సిలిండర్, రెగ్యులేటర్ అప్పగిస్తే డిపాజిట్ వెనక్కి ఇచ్చి ట్రాన్స్‌ఫర్ వోచర్ ఇస్తారు. దాన్ని ఇక్కడి ఏజెన్సీలో చూపించి, ఇప్పటి డిపాజిట్ కట్టి కనెక్షన్ తీసుకోవాలి. గ్యాస్ బిల్లు, బ్యాంకు పాస్‌బుక్ మీద కొత్త అడ్రస్ వస్తే ఆధార్ మార్చుకోవడానికి పనికొస్తాయి. ఆధార్ మారితే మిగతావి వాటంతట అవే సులువవుతాయి.

ఆంధ్ర నుంచో, ఇంకో రాష్ట్రం నుంచో వస్తున్న ఆడవాళ్లు ఆధార్ మార్చుకోవడం వాయిదా వేయొద్దు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉన్న ఉచిత ప్రయాణం తెలంగాణ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తేనే. రోజూ కాజీపేట నుంచి వరంగల్ దాకా తిరిగేవాళ్లకు నెలాఖరుకు ఇది చిన్న మొత్తం కాదు.

రేషన్ కార్డు తెలంగాణదే అయితే పాత ఊరికి పోనక్కర్లేదు, దగ్గర్లోని ఏ రేషన్ షాపులోనైనా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. ఓటు మార్చుకోవడానికి ఫారం 8. బండి వేరే రాష్ట్రం నంబరుతో ఉంటే పాత ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని, 12 నెలలు దాటకముందే ఇక్కడ రిజిస్టర్ చేయించండి. తెలంగాణలోనే వేరే జిల్లా బండైతే అడ్రస్ మారిస్తే సరిపోతుంది.

పిల్లల బడి

బడులు జూన్‌లో తెరుస్తారు కాబట్టి ఏప్రిల్, మేలోనే సీటు చూసుకోండి. టీసీతో పాటు పాత బడి నుంచి ప్రతి తరగతికీ బోనఫైడ్ సర్టిఫికెట్ తీసుకోవడం మర్చిపోవద్దు. ఇప్పుడు అది ఒట్టి కాగితంలా కనిపిస్తుంది. తెలంగాణ ఉద్యోగాల్లో ఎవరు ఏ జిల్లాకు లోకల్ అనేది 1 నుంచి 7వ తరగతి దాకా ఎక్కడ ఎక్కువ ఏళ్లు చదివారన్న దాన్నిబట్టి తేలుస్తారు, నాలుగేళ్లు ఎక్కడైతే ఆ జిల్లా. పదిహేనేళ్ల తర్వాత ఆ బడి మూతపడితే సర్టిఫికెట్ కోసం మీ పిల్లలు ఎక్కడ తిరగాలి? వచ్చేటప్పుడే తెచ్చుకుని స్కాన్ చేసి పెట్టుకోండి. బడి బస్సు మీ గల్లీలోకి వస్తుందా, మెయిన్ రోడ్డు మీదే దింపుతుందా అన్నదీ చూడండి.

ఊరితో కలవడం

సామాను సర్దుకున్న వారంలోపు అటూ ఇటూ ఉన్న నాలుగిళ్లకు మీరే వెళ్లి పరిచయం చేసుకోండి. "మేం మూడో ఇంట్లో కొత్తగా దిగినం అక్కా" అంటే చాలు, చాయ్ తాగకుండా పంపరు. పాలబ్బాయి, నీళ్ల క్యాన్లు వేసే అబ్బాయి, ప్లంబర్, రాత్రి దొరికే డాక్టర్ నంబర్లన్నీ ఆ చాయ్ దగ్గరే దొరుకుతాయి. కాలనీ వాట్సాప్ గ్రూపులో చేర్చమని అడగండి. నల్లా రాదన్నా, కరెంటు పోతుందన్నా ముందు అందులోనే తెలుస్తుంది. కరెంటు ఫిర్యాదుకు 1912, అంబులెన్స్‌కు 108.

పొద్దున నడిచే అలవాటుంటే వడ్డేపల్లి చెరువు కట్ట, భద్రకాళి కట్ట, సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ ఉన్నాయి. వారం రోజులు ఒకే టైముకు వెళ్తే నాలుగు ముఖాలు పరిచయమవుతాయి. సాహిత్యం, నాటకం ఇష్టమైతే బాలసముద్రంలో 2024లో తెరిచిన కాళోజీ కళాక్షేత్రం కార్యక్రమాలు చూస్తూ ఉండండి.

ఫిబ్రవరి నుంచి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వస్తుంది. ఆ రోజుల్లో అటువైపు రోడ్డంతా బస్తాల లారీలే, ఘాటుకు ముక్కు మండుతుంది, ఆఫీసుకు ఆ దారిలో వెళ్లేవాళ్లు వేరే దారి చూసుకోవాలి. ఏడాది కారం పట్టించుకునేవాళ్లకు మాత్రం అదే అదను. రంగుకు చపాటా, ఘాటుకు తేజ కలిపి ఇంటి మీద ఎండబెట్టి గిర్నీకి తీసుకెళ్తారు. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఈ చపాటా రంగులో ఎంత ఎర్రగా ఉంటుందో, కారంలో అంత తక్కువ. ఏ పాళ్లలో కలపాలో పక్కింటి వదినను అడగండి, ఆమె మీతో పాటు గిర్నీ దాకా వచ్చినా ఆశ్చర్యం లేదు.

బతుకమ్మ రోజుల్లో మాత్రం ఇంట్లో కూర్చోకండి. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో రోజు సద్దులతో ముగుస్తుంది. ముందురోజు సాయంత్రం రోడ్ల పక్కన తంగేడు, గునుగు, బంతి కుప్పలు పోసి అమ్ముతారు. మీకు పేర్చడం రాకపోతే పూలు కొని పక్కింటికి తీసుకెళ్లండి. గుమ్మడాకు పరిచిన తాంబాళంలో తంగేడు ఒక వరుస, రంగు అద్దిన గునుగు ఒక వరుస, మధ్యలో ఖాళీ పడకుండా ఆకులు నింపుతూ ఎలా పైకి లేపాలో చేయి పట్టి నేర్పిస్తారు. పైన పసుపు గౌరమ్మను పెట్టాక అందరితో కలిసి వెళ్లండి. హన్మకొండలో ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట జనంతో నిండిపోతాయి. ఆ సాయంత్రం బండి తీయకుండా నడిచి వెళ్లడమే మంచిది. పాట రాకపోయినా చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగితే చాలు. తిరిగొచ్చాక సత్తుపిండి, మలీద పంచుకుంటారు, మీ వంతుగా మీ ఊరి పిండివంట ఏదైనా డబ్బాలో పట్టుకెళ్లండి.

చివరగా మేడారం. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది, 2024లో, 2026లో జరిగింది. జాతర వారంలో ఆర్టీసీ బస్సులు చాలావరకు అటే మళ్లుతాయి, మామూలు రూట్లలో తగ్గిపోతాయి. హైదరాబాద్ నుంచి మేడారం వెళ్లే బండ్లతో హన్మకొండ దారులు కిక్కిరిసి ఉంటాయి. ఆ నాలుగు రోజుల్లో ఇల్లు మారడం, సామాను తెప్పించడం పెట్టుకోకండి. ఊరెళ్లాల్సి ఉంటే రైలు టికెట్ ముందే తీసుకోండి. జాతరకు మీరూ వెళ్లాలనుకుంటే కాలనీవాళ్లు మాట్లాడుకునే బండిలో చోటు అడగండి, అక్కడ మొక్కుగా ఇచ్చే బెల్లాన్నే బంగారం అంటారు, ఆ బెల్లం ఇక్కడే తూకం వేయించుకుని వెళ్లండి.